సభకు వచ్చినవారెందరు? సభవల్ల మారినవారెందరు?



పొలానికి ఎన్ని బండ్ల ఎరువు తోలామన్నది ఖర్చు లెక్క. ఎన్ని బస్తాలు పండాయన్నది ఫలితం లెక్క. మేధాసంపత్తి హక్కులను గురించి చిన్న వ్యాపారులకు జరిపే అవగాహన సభలకు కూడ ఈ మాటే వర్తిస్తుంది. మామిడిపండ్లు పెట్టెలకెత్తి అమ్ముకొనే రైతు, పచ్చళ్లు పెట్టి అమ్మే మహిళా సంఘం, బెల్లం వర్తకుడు, వీరంతా చిన్న వ్యాపారులే.

ఇంతకూ ఈ హక్కులేమిటి? సరుకుమీద మీరు వేసుకొనే పేరు, గుర్తు ట్రేడ్‌మార్కు. ఒక ప్రాంతపు నేలవల్ల, వాతావరణంవల్ల, పనితనంవల్ల సరుకుకు వచ్చిన పేరు భౌగోళిక సూచిక. బంగినపల్లి మామిడికి 2017లో ఈ గుర్తింపు లభించింది. అయితే పేరు రిజిస్టరు కాగానే పని పూర్తయిందనుకోరాదు. 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరు వాడుకొనే హక్కుకు రైతు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావలెను. 2020లో నిబంధనలు సవరించి ఈ దరఖాస్తు రుసుమును 500 రూపాయలనుంచి 10 రూపాయలకు తగ్గించారు. ఈ సంగతి తెలియక ఊరకున్న రైతుకు గుర్తింపు వచ్చీ రానట్టే.

2021 డిసెంబరులో జాతీయ మేధాసంపత్తి అవగాహన కార్యక్రమం ఆరంభమైంది. 2022 ఆగస్టు 15 నాటికి 10 లక్షలమంది విద్యార్థులకు చెప్పాలని లక్ష్యం పెట్టుకొని, జూలై 31కే దాన్ని అందుకొన్నారు. మంచిదే. కాని అది విన్నవారి లెక్క. విని ఏం చేశారన్నది వేరే లెక్క.

1959లో అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆచార్యుడు శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడమన్నాడు. నచ్చిందా? నేర్చారా? ఆచరించారా? లాభించిందా? మన సభలు చాలవరకు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి.

రెండవ మెట్టుకు సులువైన పద్ధతి ఉంది. సభకు ముందు ఐదు ప్రశ్నలడగండి. సభ ముగిశాక అవే ఐదు అడగండి. మూడు నెలలకు మళ్లీ అవే అడగండి. ముందే తెలిసినవారిని సభ ఖాతాలో వేయవద్దు.

మూడవ మెట్టు ముఖ్యమైనది. ఆరునెలల తరువాత వెళ్లి ఎందరు దరఖాస్తు పెట్టారు, ఎందరు సొంత పేరుతో చీటీ వేశారు, ఇతరుల గుర్తును పోలిన చీటీని ఎందరు మానుకొన్నారు, విచారించండి. సభ జరగని పక్క ఊరిలోను ఇదే విచారించండి. సభ జరిగిన ఊరిలో పదిమంది, జరగని ఊరిలో తొమ్మిదిమంది దరఖాస్తు పెట్టారనుకోండి. అప్పుడు ఆ కదలిక సభవల్లనే వచ్చిందనడానికి వీల్లేదు.

నాలుగవ మెట్టులో జాగ్రత్త అవసరం. ఈ ఏడు మామిడి ధర పెరిగితే అది సభ ప్రభావమా, కాపు తగ్గడమా? ఒక్క సంవత్సరపు ధర చూచి తీర్పు చెప్పరాదు.

మరొక్క మాట. సభవల్ల చెడు జరిగిందేమో కూడ చూడాలి. 2001 నాటి చట్టం ప్రకారం రైతు తన పంటలోని విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, తోటి రైతుతో మార్చుకోవచ్చు, అమ్మవచ్చు. రక్షణ పొందిన రకాన్ని మాత్రం సంచిలో కట్టి, ఆ రకం పేరు చీటీ అంటించి అమ్మరాదు. సగం విని భయపడి, విత్తనం ఇచ్చిపుచ్చుకోవడమే మానివేసిన రైతు ఒక్కడున్నా ఆ సభ అతనికి నష్టమే చేసింది.

రైతు సోదరులారా! ఆరునెలలకు అధికారి వచ్చి అడిగితే మొగమాటపడకండి. ఏమీ చేయలేదంటే చేయలేదనే చెప్పండి. ఎందుకు చేయలేదో కూడ చెప్పండి. కాగితాలు దొరకలేదా, ఆఫీసు దూరమా, చెప్పింది బోధపడలేదా? వచ్చే సభను ఎట్లా నడపాలో ఆ జవాబే నేర్పుతుంది.