అడ్డాకులో కట్టిన కానుక

నర్సీపట్నం దాటి చింతపల్లి ఎక్కి, గూడెం కొత్తవీధి, ధారకొండల మీదుగా ఘాటు మలుపులు తిరుగుతూ పోతే సీలేరు వస్తుంది. ఇటు మన్యం, అటు ఒడిశా కొండలు. పైన మాచ్‌ఖండ్ అనిపించుకున్న ఏరే ఇక్కడికి వచ్చేసరికి సీలేరు అవుతుంది. కిందికి పోయి శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ ఏటి నీళ్ళతో ఎగువ సీలేరు విద్యుత్ కేంద్రంలో మొదటి రెండు యంత్రాలు 1967-68లో తిరిగాయి, ఒక్కొక్కటి 60 మెగావాట్లవి. 1990ల్లో ఇంకో రెండు చేరాయి. ఆ కేంద్రంలో పనిచెయ్యడానికి కోస్తా జిల్లాల నుంచి ఎందరో వచ్చి క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. అక్కడ పెరిగి, చదువులకని, ఉద్యోగాలకని సముద్రాలు దాటి అమెరికా వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మా చిన్నతనంలో అక్కడ బజారంటే వారపు సంతే. బస్సు వస్తేనే కిందినుంచి సరుకు వచ్చేది. ఘాటులో చెట్టు కూలిందంటే ఆ రోజుకు సరుకు లేనట్టే. జీతాలు చిన్నవి, ఇళ్ళనిండా పిల్లలు. పండక్కి ఏం కావాలన్నా ఇంట్లో చేసుకోవాలి, లేదంటే అడవినుంచి తెచ్చుకోవాలి. ఆ పనితనం మాకు రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకవైపు మైదానం నుంచి వచ్చిన మా అమ్మలు, అమ్మమ్మలు. ఇంకోవైపు గంపలు నెత్తిన పెట్టుకుని కొండ దిగి సంతకు వచ్చే బగత, వాల్మీకి, కొండదొర, కోదు కుటుంబాల ఆడవాళ్ళు.

మన తెలుగు సంఘం సంబరాల ఈ సావనీరు చదివే తల్లిదండ్రులతో ఆ చేతుల గురించి మాట్లాడాలని ఉంది. చెప్పదలచింది రెండు ముక్కలు. మన చేత్తో మనం చేసుకునేది ఎంత తక్కువ ఖర్చుతోనైనా చేసుకుందాం. ఇంకొకరు చేత్తో చేసి ఇచ్చినదానికి మాత్రం తక్కువ ఇవ్వవద్దు.

ఆకు, పుల్ల, నార

అడ్డ తీగ పెద్దపెద్ద చెట్లను చుట్టుకుని కొమ్మలమీదికి పాకుతుంది. దేవకాంచనం జాతిదే. ఆకు కూడా అలాగే నడుమ చీలి ఉంటుంది, కాని ముదిరిన ఆకు ఒక్కదానిలోనే పసిపిల్లకు అన్నం పెట్టవచ్చు. ఆకు విస్తరికి, బెరడు నార తాళ్ళకు, కాయలోని పిక్కలు కాల్చుకు తినడానికి పనికొస్తాయి.

కుట్టడం చూస్తే సులువు, చేస్తే తెలుస్తుంది. తొడిమ తుంచి, ఆకు అంచు మీదికి ఇంకో ఆకు అంచు ఎక్కించి, సన్నగా చీల్చిన వెదురు పుల్లను గుచ్చి పైకి తీసి, మళ్ళీ లోపలికి దించి, మిగిలిన మొన విరిచేయాలి. పుల్ల లావైతే ఆకు చిరుగుతుంది, మరీ సన్నమైతే కూర తడికి ఊడిపోతుంది. ఎండిన ఆకైతే ముందు నీళ్ళు చిలకరించి కాసేపు గుడ్డలో చుట్టి ఉంచాలి, అప్పుడు మడిచినా విరగదు. రెండు ఆకులు కలిపి అంచులు పైకి మడిచి నాలుగు మూలలా గుచ్చితే దొప్ప. దొప్పకు పైన ఇంకో ఆకు బోర్లించి నారతో కట్టేస్తే పొట్లం.

మా క్వార్టర్లలో పండుగ పంపకాలన్నీ ఆ పొట్లాల్లోనే. సంక్రాంతికి అరిసెలు, నాగులచవితికి చిమ్మిలి, క్రిస్మస్‌కు పక్కింటి వాళ్ళు చేసిన కజ్జికాయలు అన్నీ ఆకుల్లో ఇల్లు మారేవి. పిల్లలకు ఇచ్చే పని ఒక్కటే: నార ముడి వెయ్యడం. ఆ ముడి లాగితే ఊడాలి, మోస్తే ఊడకూడదు. ఏ వస్తువునైనా పుచ్చుకునేవాళ్ళ చేతిని తలుచుకుంటూ చెయ్యాలని నాకు ఆ ముడి దగ్గరే తెలిసింది.

కొత్త పెట్టనిదే ముట్టరు

కొండల్లో పండుగల లెక్క చేలను బట్టి నడుస్తుంది. చైత్రంలో ఇటుకల పండుగ. విత్తనాలు దేవత ముందు పెట్టి మొక్కి, తరువాతే చేలలో చల్లుతారు. మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు, పిల్లలు దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర నాలుగు డబ్బులు పుచ్చుకుంటారు. దాన్ని పజోరు అంటారు. రాత్రి డప్పులు మోగితే ఆడవాళ్ళు భుజాలు కలిపి థింసా ఆడతారు.

ఇక ఏ పంట చేతికొచ్చినా ముందు దేవుడికి కొత్త పెట్టాలి, అప్పుడే ఇంటిల్లిపాదీ నోట పెట్టుకోవాలి. మామిడి కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త, కంది కొత్త అని ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. ఆ పండుగకు సరంజామా అంతా చేలోనూ అడవిలోనూ ఉంది: ఆకు, వెదురు, ఆనపకాయ బుర్ర, కొత్త గింజ. డబ్బు లేనివాడికి కూడా పండుగ లోటు కాకుండా ఆ కట్టుబాటు చూసుకుంటుంది. పండక్కి ముందు క్రెడిట్ కార్డు బిల్లు తలుచుకునే మన ఇళ్ళకు ఇందులో నేర్చుకోవలసింది ఉంది.

తినేవి మూడు

పిల్లలతో కలిసి చేసుకోవడానికి వీలైనవి, పొయ్యి దగ్గర ప్రమాదం తక్కువైనవి మూడు చెబుతాను.

మొదటిది చిమ్మిలి. పొయ్యితో పనే తక్కువ. నువ్వులు దోరగా వేయించి, చల్లారాక బెల్లంతో కలిపి దంచి, చేతికి నూనె అంటేదాకా మెదిపి ఉండలు కట్టడమే. కప్పు నువ్వులకు ముప్పావు కప్పు బెల్లం సరిపోతుంది. రోలు లేకపోతే మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. వదలకుండా తిప్పితే నూనె ఊరి ముద్దయిపోతుంది.

రెండోది చోడి ఉండలు. మీరు రాగులనేవాటినే మావైపు చోళ్ళంటాం. రెండు కప్పుల పిండిని సన్నసెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా కలుపుతూ వేయించాలి. తొందరపడితే పచ్చివాసన పోదు. దింపాక కప్పు బెల్లం తురుము, అరకప్పు వేయించిన నువ్వుల పొడి, కాస్త యాలకుల పొడి వేసి, కరిగించిన నెయ్యి కొంచెం కొంచెంగా పోస్తూ గోరువెచ్చగా ఉండగానే ఉండ చెయ్యాలి. డబ్బాలో వారం పైన నిలవుంటాయి, కాబట్టి కానుకగా పంపడానికి ఇవే మేలు.

మూడోది పొట్టిక్కలు. ఇది కోనసీమ వంటకం. గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబాలు సీలేరుకు తెచ్చాయి. మన్యంలో పనస చెట్లకు కొదవ లేదు కనుక అక్కడ బాగా కుదురుకుంది. నాలుగు పనసాకులను కూడలిగా పరిచి, పుల్లలతో గుచ్చి బుట్ట చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి ఉడికిస్తారు. బుట్ట పిల్లలు చేస్తారు, పిండి పెద్దలు పోస్తారు. తన బుట్ట ఏదో గుర్తుపట్టి తినడంలో ఉన్న సంతోషం ఏ పిల్లకైనా ఒకటే.

వెలుగు, అలంకారం

దీపావళికి మా ఇళ్ళలో దివిటీలు కొట్టేవాళ్ళం. గోగు కర్ర కొనకు పాత నూలుగుడ్డ వత్తి చుట్టి, నూనెలో ముంచి వెలిగించి, నేలకు మూడుసార్లు కొట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి తీపి తినడం ఆచారం. బాణసంచా దొరకని ఏడాది కూడా పిల్లలకు అది దీపావళే.

క్రిస్మస్‌కు మన్యంలో చాలా ఇళ్ళ ముందు నక్షత్రం వేలాడుతుంది. వెదురును సన్నని బద్దలుగా చీల్చి అయిదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టాలి. వాటిని కొనల దగ్గర జతచేసి, నడుమ చిన్న పుల్లలు నిలబెడితే నక్షత్రం ఉబ్బుతుంది. దాని మీద రంగుకాగితం మైదాపిండి జిగురుతో అంటించి, లోపల బల్బు పెడతారు. మా కాలనీలో హిందువుల పిల్లలం, క్రైస్తవుల పిల్లలం కలిసే బద్దలు చీల్చేవాళ్ళం. ఆ బల్బు వెలిగేది కింద మా నాన్నలు తిప్పే యంత్రాల కరెంటుతోనని అందరికీ గర్వంగా ఉండేది.

ఇక్కడ అమెరికాలో ఎలా?

ముందుగా ఒక జాగ్రత్త. విత్తనాలు, పచ్చి ఆకులు, మొక్కల ముక్కలు దేశం నుంచి సామానులో పెట్టుకు వస్తే విమానాశ్రయంలో తప్పక చెప్పాలి, చెప్పకపోతే జరిమానా పడుతుంది. తెచ్చుకోవడం కన్నా ఇక్కడ దొరికేదానితో చేసుకోవడమే మంచిది. సీలేరు పద్ధతీ అదే కదా, దగ్గర ఉన్నదానితో చెయ్యడం.

మెక్సికన్ దుకాణాల్లో తమాలేల కోసం ఎండిన మొక్కజొన్న పొరలు అమ్ముతారు. వేడినీళ్ళలో నానబెడితే మెత్తబడతాయి. వాటిలో చోడి ఉండ పెట్టి, అదే పొరను సన్నగా చీల్చి దానితోనే ముడి వేస్తే మన ఆకుపొట్లం తయారు. ఆసియా దుకాణాల్లో ఫ్రీజరులో ఉంచే అరిటాకును సెగమీద చూపిస్తే పొట్టిక్కల బుట్టకు వంగుతుంది. ఇక్కడ పుల్లలుగా పళ్ళపుల్లలు సరిపోతాయి. శరదృతువులో రాలిన మేపుల్ ఆకులను పాత పుస్తకాల మధ్య వారం పాటు ఉంచి, దారానికి గుచ్చితే గుమ్మానికి తోరణం. ఈమెయిలు శుభాకాంక్షల బదులు, మీ పిల్లలు తెలుగులో నాలుగు ముక్కలు రాసిన కాగితాన్ని ఆ పొట్లానికి కట్టండి. అక్షరాలు వంకరైనా సరే, ఊళ్ళో ఉన్న తాతయ్య, అమ్మమ్మ దాన్ని దాచుకుంటారు.

పిల్లలకు పని ఇచ్చేటప్పుడు తయారైన బొమ్మ చూపించి అలాగే చెయ్యమనవద్దు. ముందు ఆకు చేతికివ్వండి. ఎటు మడిస్తే విరుగుతుందో, ఎటు మడిస్తే వంగుతుందో వాళ్ళే కనిపెట్టాలి. మొదటి నాలుగు చిరిగిపోతాయి, పోనివ్వండి. వస్తువు గుణం తెలిసిన పిల్లలు రేపు ఏ దేశంలో ఉన్నా, ఏ పండుగకైనా ఏదో ఒకటి చేసుకోగలుగుతారు.

తక్కువ ఎవరికి?

ఇప్పుడు రెండో ముక్క. అడ్డాకు విస్తరి మన పెళ్ళిళ్ళకు చౌకగా వచ్చేది. ఆ చౌక వెనుక ఒక మనిషి ఉంది. పొద్దున్నే అడవిలోకి నడిచి, తీగలు వంచి ఆకు కోసి, మోపు మోసుకొచ్చి, ఎండబెట్టి, ఒక్కొక్కటిగా కుట్టి, సంతకు నడిచి దళారీ చెప్పిన ధరకు ఇచ్చేసేది. మనం ఇంట్లో సరదాగా పది దొప్పలు కుడితే వేళ్ళు నొప్పెడతాయి. ఆమెకు అది బతుకుతెరువు. చేత్తో ఒకసారి చేసి చూసిన పిల్లకు ఆ ధరలోని అన్యాయం వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ దళారీల పట్టు నుంచి గిరిజనులను తప్పించడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అడవి తేనె, చింతపండు, కుంకుడు, శీకాయ వంటివి కొని అమ్ముతుంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో దొరికే చిన్నతరహా ఫలసాయం మీద అక్కడి కుటుంబాల హక్కును గుర్తించింది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండ దిగి మైదానంలోకి వస్తే వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ, రాపిడి వేడికి కరిగే లక్కతో రంగు పట్టించి బొమ్మలు చేస్తారు. పసుపు లాంటి మొక్కల నుంచి తీసిన రంగులు వాడే సంప్రదాయం వాళ్ళది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇవన్నీ మనం కొనగలిగినవే. కొనేటప్పుడు బేరమాడే అలవాటు మానుకోవాలి. యంత్రం పోసిన ప్లాస్టిక్ బొమ్మ ధరతో ఏటికొప్పాక లక్కపిడతల ధర పోల్చవద్దు. ఊరు వెళ్ళినప్పుడు సంతలో ముసలమ్మ చెప్పిన ధర ఇచ్చి విస్తళ్ళ కట్ట తీసుకోండి. మనం ఇంట్లో చేసుకుని మిగుల్చుకున్న డబ్బు వెళ్ళవలసిన చోటు అదే.

మన సంఘానికి నా విన్నపం ఇది. వచ్చే సంబరాలకు అతిథులకిచ్చే కానుకల సంచులు టోకున తెప్పించవద్దు. పండక్కి రెండు వారాల ముందు ఒక శనివారం పిల్లలూ పెద్దలూ కూర్చుని పొట్లాలు కడదాం, ఉండలు చేద్దాం, తోరణాలు గుచ్చుదాం. అలా మిగిలిన సొమ్ముతో మన్యం నుంచి, ఏటికొప్పాక నుంచి చేసినవాళ్ళు అడిగిన ధరకే వస్తువులు తెప్పించి ప్రతి పొట్లంలో ఒకటి పెడదాం. మన పిల్లల చేతిపనీ, ఆ చేతిపనివాళ్ళకు మనం చెల్లించిన న్యాయమైన ధరా ఒకే పొట్లంలో చేరితే, దానికి మించిన పండుగ కానుక నాకు తెలిసి లేదు.