గేరు గరగరమంటే బాక్సు విప్పకండి

దమ్ము మధ్యలో గేరు గరగరమంటుంది. లివరు పడదు. పాత ట్రాక్టరున్న రైతుకు గేరు బాక్సు పోయిందని గుండె జారుతుంది. బాక్సు విప్పారంటే పని అదనులో బండి షెడ్డు పాలే. అంతకు ముందే ఓ పరీక్ష ఉంది.

ఇంజను ఆపి గేరు వేసి చూడాలి. పడకుంటే బండిని కాస్త కదిపి మళ్లీ వేయాలి. ఆపినప్పుడు తేలిగ్గా పడి, ఇంజను నడుస్తున్నప్పుడే గరగరమంటే తప్పు గేర్లది కాదు. క్లచ్చి పూర్తిగా విడవడం లేదన్నమాట. పెడలును చేత్తో నొక్కి, బరువు తగిలేదాకా ఎంత ఖాళీగా కదులుతుందో కొలవాలి. చాలా పాత బండ్లకు ఇది అంగుళం అటూఇటూ ఉంటుంది. సరైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో చూడాలి. ఖాళీ ఎక్కువైతే పెడలు రాడ్డు సరిచేయాలి. స్పానరుతో అయ్యే పని.

అసలు ఖాళీ లేకుంటే మరో చిక్కు. ఇంజను మోత పెరుగుతుంది, నాగలి మాత్రం లాగదు. ప్లేటు జారి కమురు వాసన వస్తుంది. పెడలు మీద కాలు ఆనించి నడిపినా ఇంతే. డ్రైవర్లకు చెబితే కోపం గానీ, బేరింగు అరిగేది అందుకే.

ఖాళీ సరిగ్గా ఉన్నా క్లచ్చి విడవకపోతే, నీళ్లు చేరి ప్లేటు తుప్పుతో అతుక్కుని ఉండవచ్చు. చాలా బండ్లకు క్లచ్చి పెట్టె అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని బురదతో పూడనీయరాదు. అక్కడినుంచి నూనె కారుతుంటే మాత్రం లోపల సీలు పోయినట్టే, మెకానిక్కును పిలవాలి.