వీలునామా, ప్రొబేట్, వారసత్వ పత్రాలు: రెండు రాష్ట్రాల్లో ఆస్తి ఉన్న కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

సరిహద్దు జిల్లాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల ఆస్తిపాస్తులు ఒకే రాష్ట్రపు పొలిమేరల్లో ఇమిడి ఉండడం అరుదు. బళ్లారిలో ఇల్లు, అనంతపురం జిల్లాలో పూర్వుల పొలం. హోసూరులో దుకాణం, చెన్నైలో ఫ్లాటు. షోలాపురంలో మగ్గాలు, ముంబయిలో ఒక గది. బరంపురంలో నివాసం, శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరితోట. ఇంటి పెద్ద జీవించి ఉన్నంతకాలం ఇది చిక్కుగా తోచదు. ఆయన కాలధర్మం చెందిన తరువాత మాత్రం ఒక్కొక్క కచేరీ ఒక్కొక్క కాగితం అడుగుతుంది. ఏ కాగితం దేనికి చెల్లుతుందో తెలియక వారసులు ఏళ్ల తరబడి తిరుగుతారు. పైగా ఈ విషయంలో 2025 డిసెంబరులో చట్టం మారింది. ఆ మార్పు ఎంతవరకో స్పష్టంగా తెలియజేయడమే ఈ వ్యాసోద్దేశం.

ప్రొబేట్ అంటే ఏమిటి?

వీలునామా రాసిన వ్యక్తి మరణించాక, అది ఆయన రాసినదేనని, చట్టప్రకారం అమలైనదేనని న్యాయస్థానం పరిశీలించి, ముద్రవేసి ఇచ్చే ధ్రువీకృత ప్రతినే ప్రొబేట్ అంటారు. 1925 నాటి భారత వారసత్వ చట్టం దీనికి ఆధారం. వీలునామాలో కార్యనిర్వాహకుడిగా పేర్కొన్న వ్యక్తికే ప్రొబేట్ ఇస్తారు. అటువంటి పేరు లేకపోతే వీలునామాను జతచేసి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ మంజూరు చేస్తారు. మరణించిన నాటి నుంచి పూర్తిగా 7 రోజులు గడవనిదే ప్రొబేట్‌ను, 14 రోజులు గడవనిదే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్‌ను ఇవ్వరాదని చట్టం చెబుతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్రొబేట్ కోర్టు వీలునామా నిజమా కాదా అన్నదే తేలుస్తుంది. ఆ ఆస్తి అసలు మృతునిదేనా అన్న హక్కు తగాదాను తేల్చదు. దానికి వేరే సివిల్ దావా వేసుకోవలసిందే.

తొలగిపోయిన నిర్బంధం

లోగడ ఆ చట్టంలోని 57, 213 సెక్షన్లు కలిసి కొన్ని ప్రాంతాల్లో ప్రొబేట్‌ను తప్పనిసరి చేసేవి. మద్రాసు, బొంబాయి హైకోర్టుల తొలి సివిల్ అధికార పరిధిలో, అంటే ఆ నగరాల హద్దుల్లో, రాసిన హిందువుల వీలునామాలకు ఆ నియమం వర్తించేది. 1870 సెప్టెంబరు 1 నాటికి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు ఏలుబడిలో ఉన్న ప్రాంతాల్లోనూ అదే నియమం. వీలునామా ఎక్కడ రాసినా, అందులోని స్థిరాస్తి ఈ ప్రాంతాల్లో ఉంటే ప్రొబేట్ లేనిదే హక్కు నిరూపించుకోవడం సాధ్యమయ్యేది కాదు. అందువల్లనే హోసూరు వాస్తవ్యులకు ఆ ఊరి దుకాణం విషయంలో లేని నిర్బంధం చెన్నై ఫ్లాటు విషయంలో ఎదురయ్యేది. బరంపురం ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటికీ నగర హద్దులకు వెలుపలిది కనుక ఈ నిర్బంధంలోకి రాలేదు. ముస్లిములకు ఇది వర్తించేది కాదు. భారతీయ క్రైస్తవులకు 2002 సవరణతో తొలగింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన రద్దు, సవరణల చట్టం 213వ సెక్షన్‌ను పూర్తిగా తొలగించింది. కాబట్టి చెన్నైలోగాని, ముంబయిలోగాని ఆస్తి ఉన్నంత మాత్రాన ఇక ప్రొబేట్ తప్పనిసరి కాదు. అప్పటికే కోర్టులో నడుస్తున్న దరఖాస్తును కొనసాగించాలా, విరమించాలా అన్నది న్యాయవాదిని సంప్రదించి నిర్ణయించుకోవలసిన విషయం.

నిరూపణ భారం పోలేదు

నిర్బంధం తొలగింది గాని వీలునామాను నిరూపించవలసిన బాధ్యత తొలగలేదు. ఈ తేడాను గుర్తించకపోతే నష్టపోయేది వారసులే. చట్టం ప్రకారం వీలునామాపై రాసినవారి సంతకమో వేలిముద్రో ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలి. తగాదా వచ్చినప్పుడు ఆ సాక్షులలో జీవించి ఉన్న ఒకరినైనా కోర్టులో విచారించాలని 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం కూడా నిర్దేశిస్తున్నది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించినా అది ఈ నిరూపణకు ప్రత్యామ్నాయం కాదు.

మైసూరు రాష్ట్రం నుంచి సుప్రీంకోర్టుకు చేరిన వెంకటాచల అయ్యంగార్ కేసులో 1958లో వెలువడిన తీర్పు నేటికీ ఈ రంగంలో మార్గదర్శకం. వీలునామా చుట్టూ అనుమానాస్పద పరిస్థితులు ఉంటే, దానిని ముందుకు తెచ్చినవారే ఆ అనుమానాలను నివృత్తి చేయాలని న్యాయస్థానం చెప్పింది. లాభం పొందే వ్యక్తే దగ్గరుండి రాయించడం, సహజ వారసులను కారణం చెప్పకుండా విస్మరించడం అటువంటి పరిస్థితులే.

కనుక అన్నదమ్ములలో గాని, అక్కచెల్లెళ్లలో గాని ఒక్కరైనా వీలునామాను ఒప్పుకోకపోతే, సాక్షులు వృద్ధులైతే, లేదా ఆస్తి కొనేవారు గట్టి పత్రం కావాలంటే, ప్రొబేట్ తీసుకోవడమే వివేకం. సాక్షి బ్రతికి ఉండగా చేయవలసిన పనిని వాయిదా వేస్తే తరువాత పూడ్చుకోవడం కష్టం.

వీలునామా లేనప్పుడు

హిందూ వారసత్వ చట్టం ప్రకారం పురుషుడు వీలునామా రాయకుండా మరణిస్తే, ఆయన స్వార్జితం కుమారులకు, కుమార్తెలకు, భార్యకు, తల్లికి సమభాగాలుగా సంక్రమిస్తుంది. పిత్రార్జితంలో కుమార్తెకు కుమారునితో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉన్నదని 2005 సవరణ చెప్పగా, 2020లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచింది. వీలునామా రాసినా, పిత్రార్జితంలో తన వాటా మేరకే రాయగలరు. యానాంలో మాత్రం, ఫ్రెంచి పాలనలో 1881 డిక్రీ ప్రకారం స్వీయ ధర్మశాస్త్రాన్ని వదులుకొన్న కుటుంబాలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు. వారు విడిగా న్యాయసలహా పొందాలి.

ఏ కాగితం దేనికి?

తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తమిళనాట వారిసు సర్టిఫికెట్, కర్ణాటకలో వంశవృక్షం, ఇవన్నీ వారసులెవరో తెలిపేవి మాత్రమే. కర్ణాటకలో పౌతి ఖాతా, మహారాష్ట్రలో సాత్‌బారాలో వారసుల పేర్ల నమోదు, ఆంధ్రప్రదేశ్‌లో పాసు పుస్తకంలో పేరు మార్పు, ఇవి రెవెన్యూ రికార్డు కోసం చేసేవి. రికార్డులో పేరెక్కినంత మాత్రాన యాజమాన్య హక్కు రాదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి.

సక్సెషన్ సర్టిఫికెట్ మృతునికి రావలసిన బాకీలు, బ్యాంకు నిల్వలు, వాటాలు వంటివాటికే పనికివస్తుంది, స్థిరాస్తికి కాదు. మృతుడు నివసించిన చోటి జిల్లా కోర్టు ఇచ్చినా అది దేశమంతటా చెల్లుతుంది. ప్రొబేట్ సంగతి వేరు. జిల్లా జడ్జి ఇచ్చిన ప్రొబేట్ సాధారణంగా ఆ రాష్ట్రంలోని ఆస్తికే చెల్లుతుంది. ఇతర రాష్ట్రాల్లోని ఆస్తి విలువ 10,000 రూపాయలకు మించదని ఆ జడ్జి ధ్రువీకరిస్తేనే వెలుపల చెల్లుతుంది. నేటి ధరల్లో అది దాదాపు అసంభవం. హైకోర్టు ఇచ్చిన ప్రొబేట్ మాత్రం ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. రెండు రాష్ట్రాల్లో ఆస్తి ఉన్నవారు న్యాయవాదిని మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

నామినీ యజమాని కాడు

నామినీ సొమ్మును అందుకొని అసలు వారసులకు అప్పగించవలసిన ధర్మకర్త వంటివాడు. వాటాల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ సంగతిని మరల స్పష్టం చేసింది. జీవిత బీమాలో మాత్రం తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, సంతానం నామినీలైతే 2015 సవరణ వారికి ఆ సొమ్ముపై హక్కు కల్పించింది. నామినీ లేని ఖాతాల విషయంలో తగాదా లేనప్పుడు సహకార బ్యాంకులు 5 లక్షల రూపాయల వరకు, ఇతర బ్యాంకులు 15 లక్షల వరకు కోర్టు పత్రం అడగకుండా సులభ పద్ధతిలో చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశించింది.

కార్యనిర్వాహకుని బాధ్యత

ప్రొబేట్ పొందినవారు 6 నెలల్లో ఆస్తుల, అప్పుల జాబితాను, ఏడాదిలో జమాఖర్చుల లెక్కను కోర్టుకు సమర్పించాలి. సొమ్ములో నుంచి మొదట అంత్యక్రియల, వైద్య ఖర్చులు, పిమ్మట కోర్టు ఖర్చులు, ఆపైన మరణానికి ముందు 3 నెలల కాలంలో పనిచేసిన కూలీలు, ఇంటి పనివారి వేతనాలు, తరువాత మిగిలిన అప్పులు తీర్చాలి. ఇవన్నీ తీరాకనే వీలునామాలో పేర్కొన్నవారికి పంపకం. ఈ వరుసను తప్పి ముందే పంచిపెడితే ఆ భారం తనపైనే పడవచ్చు.

పాఠకులు తమ ఇంటనే చేసుకోదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఏ రాష్ట్రంలో ఏ ఆస్తి ఉన్నదో సర్వే నంబర్లతో సహా ఒక జాబితా రాసి ఉంచడం. వీలునామాలో కార్యనిర్వాహకుని పేరు తప్పక రాయడం. తమకంటె చిన్న వయస్కులను, ఆస్తి పొందనివారిని సాక్షులుగా పెట్టడం. ఎవరికైనా వాటా తగ్గిస్తే కారణం ఒక వాక్యంలోనైనా రాయడం. అసలు ప్రతి ఎక్కడ ఉన్నదో ఇద్దరికి చెప్పి ఉంచడం. ఇంత చేసిపెట్టిన కుటుంబంలో తోబుట్టువులు కోర్టు గడపలో ఎదురెదురుగా నిలబడవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.