ఏటా నిండే చెరువా, ఒక్కసారి నింపిన కుండా?

పండు మా ఇంటికి వచ్చేనాటికి వాడికి ఎనిమిది వారాలు. కాకర్ స్పానియల్. తేనెరంగు బొచ్చు, నీళ్లు తాగుతుంటే గిన్నెలో మునిగే పొడుగాటి చెవులు. అది 2019 సెప్టెంబరు. మేముండేది లండన్‌కి పడమరనున్న రెడింగ్‌లో. ఆ వారమే వాడికి బీమా తీసుకున్నాను. కాగితం మీద పెద్ద అంకెల్లో ‘4,000 పౌండ్లు’ అని ఉంది. అది చూసుకుని, ఇక బెంగ లేదని ఫైల్లో పెట్టేశాను.

బీమా అంటే ఏమిటో నేను నేర్చుకున్నది మా నాన్న దగ్గర. తెనాలి దగ్గర మా ఊళ్లో మాకు రెండు ముర్రా గేదెలుండేవి. బ్యాంకు లోను మీద కొన్నవి కాబట్టి వాటికి బీమా తప్పనిసరి. పశువుల డాక్టరుగారు వచ్చి ఈడూ పాడీ చూసి విలువ కట్టేవారు. చెవికి నంబరు బిళ్ల వేసేవారు. గేదె పోతే ఆ బిళ్ల చూపించాలి, అప్పుడే డబ్బు. గేదె విలువెంతో బీమా అంత. ఒక్కసారి ఇస్తారు, అంతటితో లెక్క తీరిపోతుంది.

పండు కాగితం మీది 4,000 కూడా అలాంటిదేనని నమ్మాను. ఇక్కడ కుక్కలకి మైక్రోచిప్ చట్టప్రకారం తప్పనిసరి. దాన్ని చూసినా నాకు ఆ చెవిబిళ్లే గుర్తొచ్చేది. కానీ నాన్న కట్టిన బీమా చావుకి. నేను కట్టింది జబ్బుకి. జబ్బు ఒక్కరోజులో ముగిసేది కాదు. ఆ తేడా తెలియడానికి నాకు దాదాపు మూడేళ్లు పట్టింది.

పదమూడో నెల

2021 జూన్‌లో పండు రాత్రంతా కాళ్లు నాక్కోవడం మొదలుపెట్టాడు. పొట్ట ఎర్రబడింది, చెవుల్లోంచి వాసన. వెట్, అంటే ఇక్కడి పశువుల డాక్టరు, పరీక్షించి అలర్జీ అని చెప్పింది. పుప్పొడి, ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు పడక వచ్చే చర్మవ్యాధి. పూర్తిగా పోయేది కాదు, మందులతో అదుపులో పెట్టుకోవాల్సింది. రోజూ అపోక్వెల్ మాత్రలు, చెవిలో చుక్కలు, అప్పుడప్పుడూ రక్తపరీక్షలు. ఏడాదిలో కంపెనీ 1,650 పౌండ్లు ఇచ్చింది. మరుసటి జులైలో పంపిన బిల్లు మాత్రం వెనక్కి వచ్చేసింది.

ఫోన్ చేశాను. “ఇంకా 2,350 మిగిలి ఉంది కదా” అన్నాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా వివరించింది. నాది కాలపరిమితి పాలసీ. ఒక జబ్బుకి మొదటిసారి చికిత్స చేయించిన తేదీ నుంచి 12 నెలలే డబ్బిస్తారు. 4,000 పూర్తికావడం, 12 నెలలు నిండడం, ఈ రెండిట్లో ఏది ముందొస్తే అక్కడితో ఆ జబ్బుకి తలుపు మూసుకుంటుంది. అది మొదటి పేజీలో లేదు. పదకొండో పేజీలో ఉంది.

నాలుగు రకాల పాలసీలు

బ్రిటన్‌లో మనుషులకి ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ వైద్యసేవ ఉంది, జంతువులకి అలాంటిది లేదు. అందుకే ఇక్కడ బీమా ఇంత విస్తరించింది. దొరికే పాలసీలు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది ప్రమాదాలకి మాత్రమే. కారు గుద్దితే ఇస్తారు, జబ్బు చేస్తే ఇవ్వరు. రెండోది నేను తీసుకున్న కాలపరిమితి పాలసీ. మూడోదానిలో కాలం గడువు లేదు గానీ, ఒక్కో జబ్బుకి ఇంత అని సొమ్ము ఉంటుంది. అది కుండలో నీళ్ల లాంటిది: వాడుకున్నకొద్దీ తగ్గుతుంది, అడుగంటితే మళ్లీ నింపరు.

నాలుగోదాన్ని ఇక్కడ ‘లైఫ్‌టైమ్’ అంటారు. ఇది చెరువు. ఏటా రెన్యువల్ రోజున లిమిట్ మళ్లీ నిండుతుంది. ఈ ఏడు అలర్జీకి 2,000 ఖర్చయినా వచ్చే ఏడు మళ్లీ మొత్తం లిమిట్ చేతిలో ఉంటుంది. మధుమేహం, కీళ్లవాతం, చర్మవ్యాధుల వంటి ఏళ్ల తరబడి వదలని జబ్బులకి పనికొచ్చేది ఇదే. ఇందులోనూ కొన్ని ఏడాది మొత్తానికి ఒకే అంకె ఇస్తాయి, కొన్ని జబ్బుకింత అని విడదీస్తాయి. కొనేముందు అది చూసుకోవాలి.

పేరులో లైఫ్‌టైమ్ ఉన్నా అది జీవితకాలపు ఒప్పందం కాదు. ఏటేటా రాసుకునే ఒప్పందమే. చెరువు నిండాలంటే తూము దగ్గర గండి పడకూడదు. ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా రెన్యువల్ జరగాలి. బ్యాంకు కార్డు గడువు తీరి వాయిదా కట్టకపోయినా పాలసీ రద్దయిపోవచ్చు. కొత్తగా తీసుకుంటే అప్పటిదాకా వచ్చిన జబ్బులన్నీ ‘ముందునుంచీ ఉన్నవి’ అయిపోతాయి. జబ్బులకి సాధారణంగా 14 రోజుల నిరీక్షణా మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.

నేను 2022 సెప్టెంబరులో లైఫ్‌టైమ్‌కి మారాను. కొత్త కంపెనీ వెట్ దగ్గరున్న రికార్డు మొత్తం తెప్పించుకుంది. 2020లో టీకాకి వెళ్లినప్పుడు “ఈమధ్య చెవి గోక్కుంటున్నాడు” అని మాటవరసకి అన్నాను. అది కూడా అందులో రాసి ఉంది. చర్మమూ చెవులూ మినహాయిస్తూ పాలసీ ఇచ్చారు. రెండేళ్లు లక్షణాలు లేకుండా ఉంటే కొన్ని కంపెనీలు మినహాయింపు తీసేస్తాయి. పండు మందు ఆపితే వారంలో గోక్కుంటాడు కాబట్టి మాకు ఆ దారి లేదు.

రెండు మోకాళ్లు, ఒకే జబ్బు

2023 నవంబరులో పార్కులో బంతి వెంట పరిగెత్తి పండు కుడి వెనక కాలు ఎత్తేశాడు. మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్‌కి 4,200 పౌండ్లు. మరుసటి జులైలో ఎడమ మోకాలూ అలాగే పోయింది, 4,400. ఈ జబ్బు ఒక కాలికి వచ్చిన కుక్కల్లో చాలావాటికి రెండో కాలికీ వస్తుందని అప్పటికే వెట్ చెప్పి ఉంది.

చాలా కంపెనీలు రెండు వైపులా వచ్చే జబ్బుని ఒక్కటిగానే లెక్కగడతాయి. మా పాలసీలో ఏడాది మొత్తానికి లిమిట్ 7,000. మనం మొదట పెట్టుకోవాల్సిన ఎక్సెస్ 120. జబ్బు ఒకటే కాబట్టి ఎక్సెస్ ఒక్కసారే తీసుకున్నారు. మొత్తం 8,600లో కంపెనీ 7,000 ఇచ్చింది, మేము 1,600 పెట్టుకున్నాం. సెప్టెంబరులో లిమిట్ మళ్లీ నిండింది. అక్టోబరు నుంచి నీళ్లలో నడిపించే చికిత్సకి మళ్లీ 120 ఎక్సెస్ కట్టి, కొత్త ఏడాది సొమ్ములోంచే క్లెయిమ్ చేశాం. క్లెయిమ్ ఏ ఏడాది ఖాతాలో పడాలో తేల్చేది సాధారణంగా చికిత్స జరిగిన తేదీయే. పాత పాలసీ అయ్యుంటే మొదటి మోకాలికే 4,000 అయిపోయేది. రెండోదానికి పైసా వచ్చేది కాదు.

రెన్యువల్ ఉత్తరంలో చూడాల్సినవి

మా ప్రీమియం నెలకి 38 పౌండ్ల నుంచి 71కి చేరింది. ఇందులో 12 శాతం బీమా పన్ను. కుక్కకి వయసు పెరుగుతుంది, వైద్యం ఖరీదవుతుంది, క్లెయిములు లెక్కలోకొస్తాయి. పాత కస్టమర్ల దగ్గర కొత్తవాళ్లకన్నా ఎక్కువ వసూలు చేయకూడదని 2022 జనవరి నుంచి ఇక్కడ నిబంధన ఉంది గానీ, అది ఇంటి, వాహన బీమాలకే. పెంపుడు జంతువులకి వర్తించదు.

ప్రీమియం ఒక్కటే చూసి ఉత్తరం మడిచేయకూడదు. కుక్క పెద్దదవుతున్నకొద్దీ చాలా కంపెనీలు బిల్లులో కొంత శాతం మనల్ని భరించమంటాయి. 1,000 పౌండ్ల బిల్లు వచ్చిందనుకోండి. ఎక్సెస్ 100 పోను మిగిలిన 900లో 20 శాతం, అంటే 180 కూడా మనదే. చేతికి వచ్చేది 720. ఏటా టీకాలు వేయించకపోతే, పళ్లు చూపించకపోతే ఆ జబ్బుల క్లెయిములు నిలిచిపోవచ్చు. లిమిట్ మారిందా, కొత్త మినహాయింపు చేరిందా అన్నవీ ఆ ఉత్తరంలోనే ఉంటాయి.

తక్కువకి వస్తోందని కంపెనీ మారేముందు కుక్కకి ఇప్పటికే ఉన్న జబ్బుల జాబితా రాసుకోవాలి. ఆ జబ్బుల రక్షణంతా పాత కంపెనీ దగ్గరే వదిలేసి వెళ్తాం. క్లెయిమ్ తిరస్కరించడం అన్యాయమనిపిస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోతే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా వెళ్లొచ్చు.

విజయవాడలో మా చెల్లెలు లాబ్రడార్ పిల్లని తెచ్చుకుని ఫోన్ చేసినప్పుడూ ఇవే చెప్పాను. “చికిత్సకెంత, చనిపోతే ఎంత, తప్పిపోతే ఎంత, విడివిడిగా రాసుకో. ఏడాది తిరిగాక ఆ అంకె ఏమవుతుందో అడుగు” అన్నాను. అక్కడ తేడా వస్తే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది, రెండు తెలుగు రాష్ట్రాలకీ హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు.

మా వీధి చివర ఉండే గుంటూరు దంపతులు పోయిన నెలలో స్పానియల్ పిల్లని తెచ్చారు. ఇంకా టీకాలకి కూడా వెళ్లలేదని తెలిసి, ఆ సాయంత్రమే నా రెండు పాలసీలూ పట్టుకుని వెళ్లాను. కొన్న తర్వాత కూడా మనసు మార్చుకోవడానికి 14 రోజులుంటాయని చెప్పాను. పదకొండో పేజీ తీసి చూపించాను. “అలర్జీ ఏమీ లేదక్కా దీనికి” అంది ఆ అమ్మాయి, పిల్ల చెవి నిమురుతూ. “అందుకేనమ్మా ఈరోజే వచ్చాను” అన్నాను.