గంగ ఒడ్డున టిబెట్ తోట

పరమత సహనమనే మాట మన వచనంలో బాగా అరిగిపోయినది. సభలలోను పాఠ్యపుస్తకాలలోను తరచుగా వినబడే మాట కావడంచేత, దాని అర్థమేమని ఆగి ఆలోచించేవారు తక్కువ. సహించడమంటే ఓర్చుకొనడం. ఎండను సహిస్తాము, అప్పులవాని మాటను సహిస్తాము. పొరుగువాని ప్రార్థనను కూడ ఆ వరుసలో చేర్చడమేమిటని కొందరికి కష్టంగా తోస్తుంది. 1893 సెప్టెంబరులో చికాగో సర్వమత సభలో వివేకానందస్వామి సహనముతో ఆగక, అన్ని మతాలనూ సత్యములుగా స్వీకరించడమే తన సంప్రదాయమని చాటినారు. నాటినుండి సహనముకంటె స్వీకారము ఒక మెట్టు పైనిదని మన విద్యావంతుల నిశ్చయము. నాకు ఆ నిశ్చయంపట్ల కొంత సందేహమున్నది. ఆ సందేహానికి ఆధారము గ్రంథాలలోకంటె హౌరాలో, హుగ్లీనది పడమటి గట్టున స్పష్టంగా కనిపిస్తుంది.

హౌరా అనగానే మనవారికి స్ఫురించేది రైలు స్టేషను, 1943లో తెరచిన ఉక్కువంతెన, ఉత్తరాంధ్రనుండి కూలికి వెళ్ళిన కుటుంబాలకు కూడు పెట్టిన జనపనార మిల్లులు. ఆ స్టేషనుకు ఉత్తరంగా, నది ఒడ్డున ఘుసుడి అనే పేట ఉన్నది. అక్కడ ఉన్న పాత మఠం పేరు భోట్ బాగాన్. భోట్ అంటే టిబెట్, బాగాన్ అంటే తోట. సమతల భూమిలో, కార్ఖానాల నడుమ, టిబెట్‌వారి తోట ఎట్లా వెలసినదో చెప్పాలంటే కొంచెం వెనుకకు పోవాలి.

కూచ్ బిహార్ విషయమై కంపెనీవారికీ భూటాను రాజుకూ యుద్ధము జరిగినప్పుడు, మధ్యవర్తిగా టిబెట్‌లోని పంచెన్ లామా వారన్ హేస్టింగ్సుకు ఒక లేఖ వ్రాసినాడు. అది 1774 మార్చిలో కలకత్తా చేరినది. దానిని తెచ్చినవారిలో ముఖ్యుడు పూరణ్ గిరి అనే గోసాయి. గోసాయి అనగానే తెలుగువానికి చిట్కావైద్యము జ్ఞాపకం వస్తుంది గాని, ఆ కాలపు దశనామి గోసాయిలు వేరు. శంకరాచార్యుల సంప్రదాయంలోని సన్న్యాసులై ఉండికూడ హిమాలయపు కనుమలు దాటి, ముత్యాలూ పగడాలూ తీసికొనిపోయి బంగారు పొడి తెచ్చుకొన్న వర్తకులు వారు; అవసరమైతే రాజుల దూతలు. హేస్టింగ్సు తన వంతుగా జార్జి బోగిల్ అనే యువకుణ్ణి టాషీలున్‌పో మఠానికి పంపినాడు. ఆ చలికాలమంతా లామాకూ బోగిల్‌కూ మంచి చెలిమి కుదిరినది. తన పూర్వజన్మలలో కొన్ని బెంగాలులో గడచినవని లామా నమ్మకము. బుద్ధుడు తిరిగిన దేశంలో, గంగ ఒడ్డున, తనవారు వచ్చి పూజించుకొని నిలువడానికి ఒక చోటు కావాలని ఆయన కోరినాడు.

హేస్టింగ్సు ఘుసుడిలో నూరు బిఘాలకు మించిన భూమి ఇప్పించినాడు. కట్టడం పనిని బోగిల్ చూచినాడు. టిబెట్‌నుండి తారాదేవి, మహాకాలుడు మొదలైన విగ్రహాలు వచ్చినవి. వాటి సరసనే శివలింగాలు వెలసినవి. మఠానికి మహంతు పూరణ్ గిరి. క్రైస్తవుల కంపెనీ ఇచ్చిన నేలమీద బౌద్ధుల దేవాలయము, దానికి శైవ సన్న్యాసి అధిపతి! హేస్టింగ్సు ఔదార్యము వెనుక చైనా వర్తకంమీది ఆశ ఉన్న మాట నిజమే. అయితే నేమి? లోకంలో జరిగిన మంచి పనులలో చాలభాగము కలిసిన ఉద్దేశాలతోనే జరిగినది.

1780లో పంచెన్ లామా పెకింగ్‌లో మశూచికంతో మరణించినాడు. పూరణ్ గిరి అప్పుడు ఆయన పరివారంలోనే ఉన్నాడు. మరుసటి సంవత్సరం బోగిల్ పోయినాడు. 1792లో గూర్ఖాలతో యుద్ధము ముగిసిన పిమ్మట టిబెట్ దారులు బెంగాలుకు మూతపడినవి. 1795లో మఠంలో ధనమున్నదన్న ఆశతో దోపిడిగాండ్లు పడి, ఎదిరించిన పూరణ్ గిరిని చంపినారు. శిష్యుడు దళజిత్ గిరి మహంతు అయినాడు. ఆ తరువాత చెప్పుకోదగిన ఘట్టమేదీ లేదు. నా దృష్టిలో ముఖ్యమైనది ఆ ఏమీ లేకపోవడమే. టిబెట్‌నుండి యాత్రికులు రావడము నిలిచినది. గోసాయిలు తమకు తెలిసిన పద్ధతిలో పూజలు సాగించినారు. బౌద్ధమఠము క్రమంగా దశనామి మఠముగానే పేరుపడినది. ఇందులో ద్వేషమెక్కడా లేదు. ఒక మతము మరొక మతాన్ని ఆదరంతో చేరదీసి, చేరదీసిన చేతులలోనే దానిని కరగించివేసినది.

ఈ కథ మనకు కొత్తది కాదు. పల్నాటిలోని చేజెర్ల కపోతేశ్వరాలయం గజపృష్ఠాకారంలో ఉంటుంది. అది మొదట బౌద్ధచైత్యమని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయము. శివుని నెలవు కావడంచేతనే ఆ కట్టడం దక్కినదని సంతోషించవచ్చును. కాని అక్కడ పూర్వం ప్రార్థించినవారి మాట వినబడదు. దీనికి ఎదురుగా దేవుని కడపను నిలిపి చూడండి. ఉగాదినాడు అక్కడి వేంకటేశ్వరుని గుడికి ముస్లిములు వస్తారు. బీబీ నాంచారిని తమ ఆడపడుచుగా తలచి, స్వామిని అల్లునిగా భావించి కొబ్బరికాయలు కొడతారు. వచ్చినవారు ముస్లిములుగానే వచ్చి ముస్లిములుగానే ఇంటికి పోతారు. కలిసికొనడం వేరు, కలిపివేసికొనడం వేరు.

ఘుసుడినుండి మరికొంత ఎగువకు పోతే బేలూరు మఠము. 1897లో స్థాపితమైన రామకృష్ణ మిషనుకు అది కేంద్రము. 1938 జనవరి 14న ప్రతిష్ఠ జరిగిన అక్కడి దేవాలయంలో గుడి, మసీదు, చర్చి, బౌద్ధచైత్యము అన్నింటి పోలికలూ ఉద్దేశపూర్వకంగా కూర్చినారు. క్రిస్మసు ముందటి రాత్రి అక్కడ క్రీస్తును స్మరిస్తారు. స్వీకారధర్మానికి ఇంతకంటె నిండైన రూపము మన దేశంలో మరొకటి ఉన్నదో లేదో. అటువంటి సంస్థే తాను హిందూమతానికి వెలుపలి అల్పసంఖ్యాక మతమని న్యాయస్థానంలో వాదించవలసి వచ్చినదంటే ఆశ్చర్యము కలుగుతుంది.

వివాదము రహరాలోని మిషను కళాశాల పరిపాలనగురించి మొదలై 1980లో కలకత్తా హైకోర్టుకు వెళ్ళినది. రాజ్యాంగము 30వ అధికరణము మతమునుబట్టి గాని భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకులైనవారికి తమ విద్యాసంస్థలను తామే నడుపుకొనే హక్కు ఇచ్చినది. సర్వమతములూ సత్యములని నమ్మే రామకృష్ణ మతము హిందూమతముకంటె వేరని మిషను పక్షపు వాదము; హైకోర్టు ఒప్పుకొన్నది. 1995 జూలైలో సుప్రీంకోర్టు ఒప్పుకొనలేదు. మిషను హిందూమతంలోని ఒక శాఖ మాత్రమేనని, 26వ అధికరణము ప్రకారం శాఖలకుండే హక్కులు దానికుంటాయని తీర్పు చెప్పి, కళాశాలల నిర్వహణలో అప్పటికే ఉన్న ప్రత్యేక ఏర్పాటును మాత్రము చెదరనీయలేదు.

తీర్పు తప్పని నేననను. అయినా దాని వెనుకనున్న తర్కము గమనింపదగినది: అన్ని దారులూ ఒక చోటికే అని నమ్మడము హిందూమతపు లక్షణమే గనుక, ఎవరెంత విశాలంగా నమ్మినా హిందువులే! ఈ తర్కానికి అంతులేదు. మరి దీనికి రెండవ వైపున్నది. 1966లో స్వామినారాయణ సంప్రదాయంవారు తాము హిందువులము కామని వాదించి ఓడిపోయినారు. వారు వేరుగా ఉండగోరినది హరిజనుల ఆలయప్రవేశాన్ని తప్పించుకొనడానికి. వేరుగా నిలువనిమ్మనే కోరికలన్నీ నిర్దోషములు కావు. తలుపులు మూసికొనడానికి వేర్పాటును కోరినప్పుడు న్యాయస్థానము కాదనవలసినదే.

అయితే భోట్ బాగాన్‌లో లోపించినది ప్రేమ కాదు, ఆదరము కాదు. యాత్రికులు రాకపోయినప్పటికీ ఆ గుడి బౌద్ధులదిగానే ఉండాలని అడిగే నాథుడు లేడు. అటువంటి నియమమూ లేదు. రాజ్యాంగంలోని 25 మొదలు 30 వరకుగల అధికరణలు ఆ లోటును పూరించడానికి పుట్టినవే. అవి ఎవరినీ ఎవరి మతాన్నీ సత్యమని ఒప్పుకొనమనవు. నీది నాకు నచ్చకపోవచ్చును, కాని అది నీదిగానే ఉండునుగాక అంటాయి. ప్రజాజీవితంలో మతానికి దొరకవలసిన చోటు ఈ పాటిది చాలునని నా అభిప్రాయము. ఆ కొలతకు మనము చిన్నచూపు చూచే సహనమనే మాటే సరిగ్గా సరిపోతుంది. బెంగాలులో, ఒడిశాలో, తమిళనాట పిల్లలకు తెలుగు బడి కావాలనుకొనే మనవారికి ఆసరా ఆ 30వ అధికరణమే అని కూడ మరువరాదు. అక్కడ మనము కోరేది ఇరుగుపొరుగు భాషవారు తెలుగును తమలో కలుపుకొనాలని కాదు గదా.

భోట్ బాగాన్ కథ ఇంత వివరంగా తెలియడానికి కారకుడు గౌరదాస్ బసాక్. డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేసిన ఆయన ఆ మఠపు కాగితాలూ విగ్రహాలూ పరిశీలించి, అది బౌద్ధమఠముగా పుట్టిన వైనాన్ని 1890లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించినాడు. సాహిత్య ప్రియులకు ఆయన మరొక విధంగా పరిచితుడే: మైకేల్ మధుసూదన దత్తు ప్రాణమిత్రుడు. 1843లో మధుసూదనుడు క్రైస్తవుడైన వెంటనే హిందూ కాలేజీలో అతనికి చోటు లేకపోయినది. నది దాటి ఇదే హౌరాలో, శిబ్‌పుర్‌లోని బిషప్స్ కాలేజీలో చేరినాడు. పిమ్మట మద్రాసుకు వెళ్ళిపోయినాడు. గౌరదాసు మిత్రుని మతంలో చేరలేదు, మిత్రుణ్ణి తన మతంలోనికి రమ్మని పట్టుపట్టలేదు. ఉత్తరాలు మాత్రము మానలేదు. తల్లిదండ్రులు గతించినారని, ఆస్తి అన్యుల పాలవుతున్నదని వ్రాసి 1856లో అతణ్ణి కలకత్తాకు తిరిగి రప్పించినది ఆ గౌరదాసే. మేఘనాదవధ కావ్యము వెలువడినది మరి అయిదేండ్లకు.