ముసలి మామిడికి గొడ్డలి వద్దు, రంపం చాలు

మూడేళ్లలో మూడు విడతలుగా కొమ్మలు కోస్తే పాత తోట మళ్లీ కాస్తుంది

నూజివీడు: మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత. మానైన మామిడి వంగదు, నిజమే. కానీ కోస్తే చిగురిస్తుంది. నలభై యాభై ఏళ్లు కాసి, ఇప్పుడు కాయ లేక ఉత్త ఆకుతో నిండిన చెట్టును మొదలంటా నరికి కట్టెల కింద అమ్ముకోవలసిన పనిలేదు. పద్ధతిగా కొమ్మలు కోసి, రెండు మూడేళ్లు కనిపెట్టుకుని ఉంటే ఆ చెట్టే తిరిగి కాపుకు వస్తుంది.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాల్లో ఇలాంటి తోటలకు కొదవ లేదు. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా తోటల కష్టం మారలేదు. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు రకాలు తాతల కాలంలో నాటినవి. చెట్టుకూ చెట్టుకూ కొమ్మలు కలిసిపోయి పట్టపగలు కూడా తోటలో చీకటిగా ఉంటుంది. చిటారు కొమ్మన నాలుగు కాయలు కనిపిస్తాయి. వాటిని కోయడానికి కూలి దండగ.

ఇంటింటా ఇదే వాదన

ఇలాంటి తోట ఉన్న ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్య మాట ఒకే తీరుగా నడుస్తుంది.

“నాన్నా, ఈ తోట మీద వచ్చేది మందులకే చాలడం లేదు. కొట్టేసి పామాయిల్ వేద్దాం” అంటాడు కొడుకు.

“ఒరే, మీ తాత కావిడితో నీళ్లు మోసి బతికించిన చెట్లురా ఇవి. నేనుండగా రంపం పెట్టనివ్వను” అంటాడు తండ్రి.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాయని చెట్టును చూస్తూ కూర్చుంటే ఇల్లు గడవదు. అలాగని చెట్టు కొట్టేసినంత మాత్రాన మర్నాడే రాబడి రాదు. పామాయిల్ మొక్క గెల వేసి చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఏడాది పొడవునా నీరు కావాలి. కొత్తగా మామిడి అంటు నాటినా నాలుగైదేళ్లకు కాపు మొదలై, నిండుగా కాయడానికి పదేళ్లు పడుతుంది. పాత చెట్టుకు మాత్రం యాభై ఏళ్ల వేరు భూమిలో సిద్ధంగా ఉంది. పైన కొత్త కొమ్మ ఇస్తే చాలు. అందుకే అది రెండు మూడేళ్లకే కాయగలదు. తండ్రి అనుకున్నట్టు రంపం చెట్టుకు శత్రువు కాదు. కొడుకు అనుకున్నట్టు ఆ చెట్టు పని అయిపోనూ లేదు.

కాపు ఎందుకు తగ్గింది?

మామిడి పూత కొమ్మల చివర వస్తుంది. కాయ కోసిన తర్వాత వచ్చిన చిగురు వానాకాలమంతా ముదిరి, ఎండ తగిలి, చలికాలంలో పూతకు దిగుతుంది. ఎండ తగలని కొమ్మకు పూత రాదు. చెట్లను 10 మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 40 చెట్లు పడతాయి. మొదటి ఇరవై ఏళ్లు ఆ ఎడం చాలా ఎక్కువగా కనిపిస్తుంది. తర్వాత కొమ్మలు ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోతాయి. వెలుతురు కోసం చెట్టు పైకే పెరుగుతుంది. లోపలి రెమ్మలు ఎండిపోతాయి. పూత పై గొడుగుకే పరిమితమవుతుంది.

గాలి ఆడని చీకటి తోట పురుగుకు పుట్టిల్లు. తేనెమంచు పురుగు అక్కడే దాక్కుంటుంది. బూడిద తెగులు, ఆకులను గూడు కట్టే పురుగు అక్కడే పెరుగుతాయి. మందు కొట్టినా కొమ్మల లోపలికి పోదు. పైగా బదనిక ఉంటుంది. పిట్టలు తెచ్చి వేసిన విత్తుతో మొలిచి, మామిడి కొమ్మలోని సారాన్ని పీల్చి బతుకుతుంది. బదనిక పచ్చగా ఉందంటే, దానికి అవతల ఉన్న మామిడి కొమ్మ ఎండుతున్నదన్నమాట.

దీనికి గుత్త పద్ధతి తోడవుతోంది. రెండు మూడేళ్లకు తోట గుత్తకు తీసుకున్నవారికి ఆ రెండు మూడు కాపులతోనే పని. పూత కోసం పాక్లోబ్యుట్రజాల్ అనే మందును పాదులో ఏటేటా మోతాదు మించి పోస్తే చెట్టు చిగురు వేయడం తగ్గిస్తుంది. ఉన్న శక్తి అంతా పూతకే పోతుంది. అలా అలసిన చెట్టు గుత్త తీరాక యజమాని చేతికి వస్తుంది.

లక్నో చూపిన దారి

ముదురు మామిడి తోటలను తిరిగి కాయించే పద్ధతిని లక్నో దగ్గర రహమాన్‌ఖేడాలో ఉన్న కేంద్ర ఉప ఉష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. భూమి నుంచి 3 నుంచి 4 మీటర్లు, అంటే 10 నుంచి 13 అడుగుల ఎత్తున పెద్ద కొమ్మలను కోసి, కొత్త చిగురుతో కొత్త గొడుగు కట్టించడం దాని సారాంశం.

అయితే చెట్టంతా ఒకేసారి మోడు చేస్తే రెండు చిక్కులున్నాయి. మొదటిది, రెండు మూడేళ్లు ఒక్క కాయ కూడా చేతికి రాదు. రెండోది, ఒక్కసారిగా ఆకంతా పోయిన చెట్టు నీరసించి కాండం తొలిచే పురుగుకు సులువుగా దొరుకుతుంది. కొన్ని చెట్లు చచ్చిపోతాయి కూడా. అందువల్ల విడతలుగా కోయడమే చిన్న రైతుకు క్షేమం.

మొదటి ఏడు ఎండు కొమ్మలు, తెగులు కొమ్మలు, బదనిక పట్టిన కొమ్మలు తీసేయాలి. వాటితో పాటు నడిమధ్యన నిటారుగా లేచి వెలుతురుకు అడ్డుపడే పెద్ద కొమ్మను కోయాలి. దీంతో చెట్టు గుండెలోకి ఎండ దిగుతుంది. రెండో ఏడు పక్క కొమ్మల్లో ఒకటి రెండు. మూడో ఏడు మిగిలినవి. చివరి కొమ్మ కోసే నాటికి మొదట కోసిన చోట వచ్చిన చిగురు కాపు దశకు చేరుతుంది. ఇంటికి కాయ పూర్తిగా ఆగదు. చెట్టుకు ఆకు పూర్తిగా పోదు.

లక్నో సంస్థ ఈ పెద్ద కోతకు చెప్పిన కాలం డిసెంబరు, జనవరి. చలి వెళ్లగానే మోడు మీద చిగురు వస్తుంది. మన దగ్గర అదే సమయానికి చెట్టు పూత మీద ఉంటుంది. పూసిన కొమ్మను కోయడానికి ఎవరికీ చేయి రాదు. అందుకని వేసవిలో కాయ కోసేటప్పుడే కాపు లేని కొమ్మలకు సున్నంతో గుర్తు పెట్టుకోవాలి. ఏ కొమ్మ పోషిస్తున్నదో, ఏ కొమ్మ ఊరికే తింటున్నదో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. నూజివీడులోనే మామిడి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి వారికి తోట పరిస్థితి చెప్పి కోత నెల నిశ్చయించుకోవడం మేలు.

కోత ఎలా కోయాలి?

గొడ్డలి ఈ పనికి పనికిరాదు. గొడ్డలి దెబ్బకు కొమ్మ చీలుతుంది. చీలికలో నీరు నిలిచి కుళ్లు పడుతుంది. చేతి రంపం గానీ, మోటారు రంపం గానీ వాడాలి. ముందు కొమ్మ అడుగు వైపున కొంత లోతు కోయాలి. తర్వాత పై నుంచి కోయాలి. అలా కాక పై నుంచే కోస్తే బరువుకు కొమ్మ ఒరిగి, మాను వరకు బెరడు ఊడదీసుకుని పడుతుంది. కోసిన ముఖం కొంచెం ఏటవాలుగా ఉండాలి. వాన నీరు జారిపోతుంది.

కోసిన వెంటనే ఆ ముఖానికి బోర్డో పేస్టు పూయాలి. దీన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 10 లీటర్ల నీరు కావాలి. సగం నీటిలో మైలుతుత్తం, సగం నీటిలో సున్నం విడివిడిగా కరిగించి తర్వాత కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. ప్లాస్టిక్ బకెట్ గానీ, మట్టి తొట్టి గానీ మంచిది. కలిపిన తర్వాత ఇనుప చాకు ముంచి చూడాలి. చాకుకు ఎర్రని రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం. ఇంకొంచెం సున్నం కలపాలి. ఏ రోజు చేసుకున్నది ఆ రోజే వాడాలి.

ఇన్నేళ్లూ నీడలో ఉన్న మానుకు ఒక్కసారిగా ఎండ తగిలితే బెరడు పగులుతుంది. మానుకు సున్నం కొడితే ఆ బాధ తగ్గుతుంది.

చిగురు వచ్చాకే అసలు పని

కోసి వదిలేస్తే పని చెడుతుంది. మోడు మీద చిగుళ్లు గుత్తులు గుత్తులుగా వస్తాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అన్నీ ఉంచితే మళ్లీ పాత చీకటే. ఒక్కో కొమ్మకు బలంగా, బయటి వైపుకు తిరిగి ఉన్న చిగుళ్లు 8 నుంచి 10 మాత్రం ఉంచి తక్కినవి తీసేయాలి. చేతులు రాక వదిలేసిన రైతు రెండేళ్లకు చీపురు కట్టలాంటి చెట్టును చూస్తాడు.

కాండం తొలిచే పురుగును వారానికొకసారి వెతకాలి. మాను మీద రంధ్రం, దాని కింద రంపపు పొట్టులాంటి పొడి కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే. కొక్కెం కట్టిన ఇనుప తీగతో దాన్ని లాగేయాలి. తర్వాత పెట్రోలులో ముంచిన దూదిని రంధ్రంలో పెట్టి బంకమట్టితో మూసేయాలి.

చెట్టుకు తిండీ కావాలి. పదేళ్లు దాటిన మామిడికి ఏడాదికి నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి 1 కిలో చొప్పున సిఫారసు ఉంది. బస్తాల లెక్కన చూస్తే యూరియా సుమారు 2 కిలోల 200 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 6 కిలోల పావు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 1 కిలో 700 గ్రాములు అవుతుంది. పశువుల ఎరువు తప్పనిసరి. ఎరువు మాను మొదట్లో వేస్తే వృథా. పీల్చుకునే వేళ్లు దూరంగా ఉంటాయి కనుక కొమ్మల నీడ అంచున గాడి తీసి వేయాలి. చిగురు కోసం ఎదురుచూసే ఈ కాలంలో పూత మందు జోలికి పోకూడదు.

ఇంకో లాభం ఉంది. గిరాకీ లేని రకమైతే, కొత్తగా వచ్చిన చిగుళ్లకు బంగినపల్లి అంటు కట్టుకోవచ్చు. చెట్టు పాతదే, కాయ కొత్తది.

ఆ మూడేళ్లు గడిచేదెలా?

రైతు అడిగే అసలు ప్రశ్న ఇదే. విడతల కోతలో కొంత కాపు నిలుస్తుంది. పెద్ద కొమ్మల కలప పెట్టెల తయారీకి, చిన్నవి వంటచెరకుకు పోతాయి. ఆ డబ్బు కోత కూలికి ఆసరా. అన్నిటికంటే ముఖ్యం, ఏళ్ల తరబడి ఎండ చూడని నేలకు ఎండ వస్తుంది. నీటి వసతి ఉంటే కూరగాయలు, లేకుంటే మినుము, అలసంద వేసుకోవచ్చు. ఇవి రెండూ నేలకు నత్రజనిని కూడా ఇస్తాయి.

జాతీయ ఉద్యాన మిషన్ 2005-06లో మొదలైనప్పటి నుంచి ముదురు తోటల పునరుద్ధరణ దాని పనుల్లో ఒకటి. 2014-15 నుంచి ఆ మిషన్ సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో భాగమైంది. ఈ ఏడు తమ మండలానికి సాయం ఉందా, ఎంత అన్నది రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులను అడగాలి. కొమ్మలు కోసిన తర్వాత వెళితే చూపించడానికి పాత తోట ఉండదు. కోయకముందే అడగాలి.

అన్ని చెట్లూ బతకవు

మాను లోపల డొల్లబడి, బెరడు చుట్టూ కుళ్లి, పురుగు తినేసిన చెట్టు మీద ఖర్చు పెట్టడం తెలివి కాదు. అలాంటివి తీసేసి కొత్త అంటు నాటుకోవలసిందే. మాను గట్టిగా ఉండి, ఆకు పచ్చగా ఉండి, కాపు మాత్రమే లేని చెట్టు బాగుపడే చెట్టు. తిరిగి కాపు వచ్చాక ఏటా కాయ కోయగానే, జూన్, జూలైలలో ఎండు పుల్లలు, పాత పూగెల కాడలు, లోపలికి పెరిగిన రెమ్మలు తీస్తుంటే మళ్లీ ఇంత పెద్ద కోత అవసరం రాదు. ఆ చిన్న కత్తిరింపును ఆలస్యం చేస్తే చిగురు ముదరక ఆ ఏటి పూత పోతుంది.

తోటంతా ఒకేసారి మొదలుపెట్టనక్కరలేదు. గట్టు పక్కనున్న నాలుగైదు చెట్లతో చేసి చూస్తే చాలు. తండ్రికి చెట్టు దక్కుతుంది, కొడుకుకు లెక్క తెలుస్తుంది. ఆ నాలుగూ చిగురించాక మిగతా తోట సంగతి ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు. నరికిన చెట్టు గురించి అలా కూర్చుని మాట్లాడుకునే వీలుండదు.