సముద్రపుటొడ్డు బస – పిల్లలు జాగ్రత్త!

సెలవులొస్తే తిరుపతికో, అమ్మమ్మగారి ఊరికో వెళ్ళడం మన కుటుంబాలకు అలవాటు. ఇప్పుడు సముద్రపుటొడ్డు కూడా వాటికి తోడయింది. విశాఖ దగ్గర ఋషికొండ, భీమిలి, బాపట్ల దగ్గర సూర్యలంక – సెలవుల్లో ఎక్కడ చూసినా పిల్లాపాపలతో వచ్చినవారే. పెద్ద హోటళ్ళ హడావుడి గిట్టనివారు పది పన్నెండు గదులున్న చిన్న హోటలు చూసుకుంటారు. గోడల మీద తీగలు, వాకిట్లో పూలు తేలే ఇత్తడి గంగాళం, మంచం మీద నుంచే కనిపించే సముద్రం – అచ్చం ఇల్లులా ఉంటుంది.

ఇల్లులా ఉంటుంది గాని ఇల్లు కాదు. మన ఇంట్లో మెట్టు ఎక్కడుందో, నీళ్ళ తొట్టి ఎక్కడుందో పిల్లవాడికి తెలుసు. ఇక్కడ తెలియదు. పైగా ఆ ప్రశాంతతకు పెద్దవాళ్ళ కళ్ళు కూడా కాస్త ఏమరుతాయి.

గది తీసుకునే ముందు

అద్దె ఎంత, టిఫిను ఉందా అని అడుగుతాం. మరి నాలుగు ప్రశ్నలు కూడా అడగండి. ఈతకొలను చుట్టూ కంచె, దానంతటదే మూసుకునే గేటు ఉన్నాయా? ఎదురుగా ఉన్న ఒడ్డున లైఫ్‌గార్డులు ఏ వేళల్లో ఉంటారు? తాగే నీరు ఎక్కడిది? రాత్రివేళ ఆస్పత్రి ఎంత దూరం? నేలతో సమానంగా, గట్టు లేకుండా కట్టిన కొలను ఫోటోలో ఎంతో బాగుంటుంది. రెండేళ్ళ పిల్లకు మాత్రం అది నేలో, నీరో తెలియదు.

పెట్టెలు దించగానే

కాఫీ తాగకముందే గదిలో ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లవాడి ఎత్తునుంచి చుట్టూ చూడండి. బాల్కనీ కమ్మీల మధ్య నాలుగంగుళాలకు మించిన ఖాళీ ఉంటే పసిపిల్లలకు ప్రమాదం. అడ్డకమ్మీలైతే అవి నిచ్చెనే. బాల్కనీలోని కుర్చీ, స్టూలు లోపల పెట్టండి. అద్దపు తలుపు పిల్లల కంటికి ఆనేలా దానిమీద రంగు కాగితం అంటించండి. స్నానాల గదిలో నిండు బకెట్టు ఉంచకండి. పాకే పిల్ల తలకిందులుగా పడితే కొద్ది అంగుళాల నీరే ప్రాణం తీస్తుంది.

ఆ పూల గంగాళం సంగతి కూడా చూడండి. డెంగ్యూ దోమ మురుగులో కాదు, ఇలాంటి నిలవనీటిలోనే గుడ్లు పెడుతుంది. కుట్టేది ఎక్కువగా పగటిపూటే. వారానికి ఒకసారైనా నీరు పారబోసి, పాత్రను తోముతున్నారో లేదో అడగడానికి మొహమాటపడకండి.

మునక చప్పుడు చేయదు

మునిగేవాడు కేకలు వేస్తాడని, చేతులు కొట్టుకుంటాడని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. నోట్లోకి నీరు పోతుంటే అరవడానికి ఊపిరుండదు. పిల్లలైతే నిమిషంలోనే చడీచప్పుడు లేకుండా మునిగిపోతారు. 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ళలోపు పిల్లలే.

నలుగురు పెద్దలున్నచోట బాబాయి చూస్తున్నాడని అమ్మ, అమ్మ చూస్తోందని బాబాయి అనుకుంటారు. చివరికి ఎవరూ చూడరు. అందుకని వంతులు వేసుకోండి. అరగంట ఒకరు. ఆ అరగంటా ఫోను, పేకాట, కబుర్లు బందు. అయిదేళ్ళలోపు పిల్లలు నీటిలో ఉంటే చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. గాలి ఊదిన ట్యూబులను నమ్ముకోవద్దు.

సముద్రంలో మరో మోసం ఉంది. రెండు వైపులా అలలు విరుగుతూ, నడుమ నీరు నెమ్మదిగా కనిపించేచోట చాలాసార్లు లోపలికి లాగే పాయ ఉంటుంది. దానిలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి.

నీట మునిగినవారిని తీశాక

తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కడం – ఇవేవీ చేయకండి. విలువైన కాలం వృథా అవుతుంది. ఒకరు 108కి ఫోను చేయాలి. ఊపిరి ఆడకపోతే రెండోవారు తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి ఛాతీ లేచేలా రెండుసార్లు ఊదాలి. తర్వాత ఛాతీ నడుమ 30 సార్లు వేగంగా నొక్కాలి. మళ్ళీ రెండు ఊపిరులు. సాయం వచ్చేదాకా ఆపకూడదు. తేరుకున్నా ఆస్పత్రికి తీసుకువెళ్ళవలసిందే. ఊపిరితిత్తులకు ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు.

విరేచనాలు పట్టుకుంటే

కొత్తచోటి నీరు, ఎండలో నిలవ ఉన్న రొయ్యలు, చేపలు పిల్లల కడుపుకు పడకపోవచ్చు. కాచిన నీరు గాని, సీలు ఊడని సీసా నీరు గాని పట్టండి. వేడివేడిగా వడ్డించినవే తినిపించండి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ఇవ్వండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఈ ద్రావణాన్నే తాగించి ఎందరినో బతికించారు. పాకెట్టు దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచాను తలకొట్టి కొలవాలి. చనుబాలు మానిపించకండి. కళ్ళు లోతుకు పోయినా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇవన్నీ చదివి ప్రయాణం మానుకోనక్కరలేదు. పొద్దున, సాయంత్రం పిల్లలను ఇసుకలో ఆడనివ్వండి. పదినుంచి నాలుగు వరకు నీడపట్టున ఉంచండి. బయలుదేరేటప్పుడు పెట్టెలో నాలుగు ఓఆర్ఎస్ పాకెట్లు వేసుకోండి. నీటి దగ్గర మొదటి అరగంట వంతు ఎవరిదో ఇంటి దగ్గరే తేల్చుకోండి.